జహనుమా పిల్లల వంతు ఎప్పుడు?

జహనుమా అంటే లోకాన్ని చూపించేది అని అర్థం. పాతబస్తీలో ఫలక్‌నుమా పక్కనున్న మా మొహల్లాకు ఆ పేరెవరు పెట్టినా గొప్పగానే పెట్టారు. మా వాడల పిల్లలు ఇవ్వాళ జర్నలిజం పీజీ దాకా పోయినరు. కానీ లోకం చూసే వంతు వచ్చేసరికి విమానం ఎక్కేది మాత్రం ఎప్పుడూ ఇంకెవరి పిల్లలో!

మీడియా చదివే విద్యార్థులను ఆఫ్రికా దేశాలకు ఇంటర్న్‌షిప్ కోసం పంపడం అని ఒకటుంది. ఒకటి రెండు నెలలు అక్కడి రేడియోలోనో పత్రికలోనో పని నేర్చుకోవాలె. వాళ్లకు దారి చూపడానికి మెంటర్ ఉంటాడు. మేస్త్రీ వెంట పిల్లగాడు పనికి పోయినట్టే అనుకోండి. పోవద్దని మేము అనడంలేదు. ఎవరు పోతున్నారు, ఎవరు తీసుకపోతున్నారు అన్నదే మా పేచీ.

మా బస్తీ పిల్ల ఒకామె అట్లాంటిదానికి పేరిచ్చింది. పాస్‌పోర్టు లేదు. పోలీసు విచారణకు అద్దె ఇంటి కాయితం లేదు. టికెట్ డబ్బులు ముందు మీరే పెట్టుకోండి, బిల్లు తెస్తే తర్వాత ఇస్తామన్నారు. కొన్ని ఆఫ్రికా దేశాలకు పోవాలంటే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ కావాలె. ఆ సూది నారాయణగూడలోని ఐపీఎంలో వేస్తరు, అదీ పదిరోజుల ముందే వేయించుకోవాలె. ఆ సంగతి ఆఫీసర్ల పిల్లలకు ఇంట్లోనే తెలుస్తుంది. ఇళ్లల్లో అంట్లు తోమే తల్లి ఏం చెప్తది? చెప్పాల్సిన మెంటర్ సారేమో "అన్నీ నోటీసులో ఉన్నయి కదమ్మా" అన్నాడు. ఆమె ఆగిపోయింది. దానికి వాళ్లు పెట్టిన పేరు మెరిట్!

ఇది చిన్న విషయం కాదు. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే జర్నలిస్టు ఢిల్లీలో గుర్తింపు ఉన్న విలేకరుల జాబితా పట్టుకొని ఒక్క దళితుడి కోసం వెతికిండు. దొరకలేదు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి లెక్కతీస్తే, వాళ్లు చూసిన 121 పెద్ద కుర్చీల్లో 106 అగ్రకులాలవి. దళితులకు, ఆదివాసులకు సున్నా. ఆ కుర్చీల దాకా పోయే నిచ్చెనలో ఇంటర్న్‌షిప్ ఒక మెట్టు.

మరి మనవాళ్లకు దారి చూపేవాళ్లే లేరా? ఉన్నరు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ పోయి చూడండి. దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్‌గా చేసిన పి.వి. సతీష్ అక్కడి సంఘాల ఆడవాళ్ల చేతికి కెమెరా ఇచ్చిండు. ఎక్కువమంది దళిత స్త్రీలు, కూలినాలి చేసుకున్నవాళ్లు. వరంగల్ రైతు బీటీ పత్తితో మునిగిన కథను వాళ్లే సినిమా తీసినరు. అదే పత్తి అక్కడేం చేసిందో చూడటానికి కెమెరాలతో ఆఫ్రికా దాకా పోయినరు. ఆ సినిమా 2007లో వచ్చింది. ఏ యూనివర్సిటీ పట్టా లేదు వాళ్లకు.

ఇంకో మాట. కెమెరా పైనుంచి కిందికి చూస్తే వాళ్లు దాన్ని 'పటేల్ షాట్' అంటరు. పటేల్ కూలోళ్లను అట్లనే చూస్తడు గనుక. కంటికి కన్ను సమానంగా పెడితే 'సంఘం షాట్'. ఏ సినిమా స్కూలు చెప్పింది ఈ పాఠం? ఆఫ్రికా పోయిన మన దొరల పిల్లలు నల్లపిల్లల మధ్య నిలబడి దిగే ఫోటోలు చూడండి, అది ఏ షాటో మీకే తెలుస్తది.

కేప్‌టౌన్‌లో బుష్ రేడియో ఉంది. 1980లలో వర్ణవివక్ష మీద ఉపన్యాసాలను క్యాసెట్లకెక్కించి చేతుల మీదుగా పంచిన జట్టు నుంచి పుట్టింది. 1993లో లైసెన్సు లేకుండానే గొంతు విప్పితే పరికరాలు పట్టుకపోయినరు. 1995లో లైసెన్సు వచ్చింది. మన మాచనూరులో సంఘం రేడియో స్టూడియో 1998 నాటికే తయారు, లైసెన్సు కోసం మాత్రం 2008 దాకా ఆగాల్సి వచ్చింది. రెండు కథలూ తెలిసిన మెంటర్ వెంట ఉంటే ఆ పిల్లలు కేప్‌టౌన్‌లో అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటయి.

కేంద్రం ఇచ్చే విదేశీ స్కాలర్‌షిప్ పీజీకి, పీహెచ్‌డీకే. అందులోనూ భారత సమాజం, చరిత్ర, సంస్కృతి మీద పరిశోధనకు ఇవ్వబోమని 2022లో రూలు పెట్టినరు. మన బతుకు గురించి బయటి దేశంలో మనం చదవొద్దన్నమాట!

అందుకని అడుగుతున్నం. విదేశీ ఇంటర్న్‌షిప్‌లో ఎస్సీ, ఎస్టీ పిల్లలకు వాటా రాసిపెట్టండి. టికెట్ డబ్బులు ముందే ఇవ్వండి. నోటీసు తెలుగులో, ఉర్దూలో కూడా మూడు నెలల ముందు పెట్టండి. మెంటర్ల జాబితాలో పస్తాపూర్ అక్కలను చేర్చండి, సార్లకిచ్చే గౌరవ వేతనమే వాళ్లకూ ఇవ్వండి. సంఘాల కార్యకర్తలారా, మీ జిల్లా యూనివర్సిటీకి పోయి ఇప్పటిదాకా ఎవరెవరిని పంపినరో, వెంట ఎవరు పోయినరో ఆర్టీఐ కింద అడగండి. ఆ జాబితాలు మాకు పంపితే ఈ పేజీల్లోనే అచ్చువేస్తం.