పదివేల అడుగుల ఎత్తులో హోష్

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన రోజు మన మొహల్లాల్లో ఫోన్లు ఆగవు. ఖాలాకు చెప్పాలి, ఫుప్పూకు చెప్పాలి, దుబాయ్‌లో ఉన్న మామూకు చెప్పాలి. మార్కులు బాగా వచ్చిన ఇంట్లో మిఠాయి, తగ్గిన ఇంట్లో మాతమ్. పదిహేడేళ్ల పిల్లాడి జిందగీ ఫైసలా ఆ సాయంత్రమే అయిపోతుంది. ఈ అలవాటు మీద నాకున్న కోపంతోనే వరుణ్ సింగ్ ఖిస్సా చెబుతున్నాను.

2020 అక్టోబర్ 12. వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా ఉన్న ఆయన తేజస్ యుద్ధవిమానం తీసుకుని పైకి వెళ్లారు. దాని కంట్రోల్ సిస్టమ్‌కూ, ప్రెజర్ సిస్టమ్‌కూ పెద్ద మరమ్మతు జరిగింది. అంతా ఠీక్‌గా ఉందో లేదో గాల్లో చూసి రావాలి. చాలా ఎత్తులో కాక్‌పిట్ ప్రెజర్ పోయింది. సంగతి పసిగట్టి కిందికి దిగుతుండగానే కంట్రోల్ సిస్టమ్ కూడా ఫెయిలైంది.

తేజస్‌ను చురుగ్గా మలుపులు తిరగడం కోసం కావాలనే కాస్త నిలకడ లేకుండా తయారు చేశారు. దాన్ని క్షణక్షణం సంభాళించేది కంప్యూటర్లే. అవి గాడి తప్పితే విమానం పైలట్ మాట వినదు. ముక్కు పైకీ కిందికీ విసురుగా కొట్టుకుంటూ ఎత్తు కోల్పోసాగింది. ఆయన ఎలాగో కాబూలోకి తెచ్చారు. సుమారు 10,000 అడుగుల దగ్గర మళ్లీ అదే తమాషా. సీటుతో సహా బయటికి దూకేసే ఇజాజత్ ఆయనకుంది. దూకితే ఎవరూ బుజ్‌దిల్ అనరు, అనకూడదు కూడా. ఆయన మాత్రం దాన్ని సలామత్‌గా నేల మీదికి దించారు. విమానం చేతికొచ్చింది కాబట్టే ఇంజనీర్లకు ఐబ్ ఎక్కడుందో దొరికింది, మళ్లీ జరగకుండా ఇంతెజామ్ చేయగలిగారు. 2021 ఆగస్టులో శౌర్యచక్ర ప్రకటించారు.

ఇలాంటివాటిని టీవీవాళ్లు జోష్ అంటారు. నాకు ఇందులో కనిపించేది హోష్. ముందు ఏది పాడైంది, ఇప్పుడేం చేయాలి, ఇంకా ఎంత ఎత్తు మిగిలింది అని లెక్క వేసుకునే దిమాగ్. అది ఏళ్ల తరబడి మష్క్ చేస్తే వస్తుంది. ఏ మార్కుల మెమోలోనూ దానికి ఖానా లేదు.

మర్నెల సెప్టెంబర్‌లో, తాను చదివిన చండీమందిర్ ఆర్మీ పబ్లిక్ స్కూల్ ప్రిన్సిపాల్‌కు ఆయన ఒక ఖత్ రాశారు. తాను మామూలు స్టూడెంట్‌నేనని, పన్నెండో తరగతిలో ఫస్ట్ డివిజన్ అతికష్టం మీద వచ్చిందని, ఆటల్లోనూ అంతంతమాత్రమేనని. మోస్తరుగా ఉండడంలో ఐబ్ లేదన్నారు. అయితే మనసుకు నచ్చిన పని పట్టుకుని, దానికి జాన్ పెట్టి పనిచేయమన్నారు. ఈ రెండో మాట పిల్లలకు, మొదటి మాట అమ్మీ అబ్బాలకు!

'అందరి పిల్లలూ పైలట్లవుతారా భాయ్?' అని అడుగుతారు. కారు. టైలరో, నర్సో, మెకానిక్కో అవుతారు. అక్కడా హోష్ కావాలి.

అదే ఏడాది డిసెంబర్ 8న కూనూర్ దగ్గర కూలిన హెలికాప్టర్‌లో ఆయన ప్రయాణికుడు. జనరల్ బిపిన్ రావత్, అప్పటి మన చిత్తూరు జిల్లా జవాన్ లాన్స్ నాయక్ సాయితేజతో సహా 13 మంది ఆ రోజే పోయారు. వరుణ్ సింగ్ ఒక్కరే మిగిలి, డిసెంబర్ 15న బెంగళూరు ఆస్పత్రిలో కన్నుమూశారు. ఆ ఖత్ దేశమంతా చదివింది ఆ రోజుల్లోనే.

అది ఇంగ్లీషులో ఉంది. పిల్లలకు తెలుగులోనో ఉర్దూలోనో చెప్పి వినిపించండి. రిజల్ట్స్ వచ్చాక కాదు, ఇమ్తిహాన్‌కు ముందే.