మూసీ ఆరోగ్యాన్ని నిర్ణయించేది ఒడ్డున ఉన్న నేలే

వికారాబాద్‌ జిల్లా అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, నల్గొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. హైదరాబాద్‌కు ఎగువన జలాశయాల్లో నిలిచిన ఈ నది నీరు తాగడానికి పనికివస్తుంది. నగరం దాటేసరికి అది మురుగుగా మారుతుంది. ఈ తేడాకు మూలం నదిలో కాదు, దాని చుట్టూ ఉన్న భూమిని వాడుకుంటున్న తీరులో ఉంది.

1908 సెప్టెంబరు వరదలు వేలమందిని బలిగొన్న తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు మూసీపై ఉస్మాన్‌సాగర్‌, ఈసీపై హిమాయత్‌సాగర్‌ నిర్మితమయ్యాయి. వరదను అదుపు చేయడంతో పాటు ఈ జంట జలాశయాలు దశాబ్దాల పాటు నగరం దాహం తీర్చాయి. వాటి రక్షణకు 1996లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం జీవో 111 జారీ చేసింది. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది.

ఈ ఆంక్షలకు శాస్త్రీయమైన ఆధారముంది. పొలాలు, గడ్డిభూములపై కురిసిన వానలో కొంత నేలలోకి ఇంకి, మట్టి పొరల్లో వడపోతకు లోనై నెమ్మదిగా వాగుల్లోకి చేరుతుంది. సిమెంటు, తారు పరచిన చోట అదే వాన నూనె, చెత్త, మురుగును వెంటబెట్టుకొని నేరుగా జలాశయంలో పడుతుంది. నీటిలో నత్రజని, భాస్వరం పెరిగితే గుర్రపుడెక్క, నాచు అల్లుకొని ప్రాణవాయువు తగ్గుతుంది. సాగు కూడా పూర్తిగా నిర్దోషి కాదు. మోతాదు మించిన ఎరువులూ చివరకు నీటిలోకే చేరుతాయి. అందుకే ఒడ్డు వెంట చెట్లు, పొదల పట్టీ అవసరం.

నగరం దిగువన ఈ రక్షణ ఏదీ లేకపోవడంతో ఏమైందో కళ్లముందే ఉంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో గుర్తించిన 351 కలుషిత నదీ భాగాల్లో మూసీ ఒకటి. ఆ నీటితోనే దిగువ రైతులు వరి, పశుగ్రాసం పండిస్తున్నారు.

2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం జీవో 69తో 84 గ్రామాలపై ఆంక్షలను తొలగించింది. నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి జలాలే ప్రధాన ఆధారమన్నది దాని వాదన. అయితే ఎంతో దూరం నుంచి నీటిని ఎత్తిపోయడానికి ఖర్చయ్యే విద్యుత్తును, వరదలను ఆపడంలో జలాశయాల పాత్రను ఆ వాదన లెక్కలోకి తీసుకోదు.

గ్రామీణుల ఫిర్యాదును మాత్రం కొట్టిపారేయలేం. ఆంక్షల పరిధి దాటగానే భూముల ధరలు ఆకాశాన్నంటుతుంటే, ఏళ్ల తరబడి నగరం నీటి కోసం వారు తమ రాబడిని వదులుకున్నారు. ఆ త్యాగానికి నగరం ఎన్నడూ మూల్యం చెల్లించలేదు. పరీవాహక భూమిని కాపాడే రైతుకు ఏటా ఆదాయ భరోసా కల్పించనిదే ఏ జీవో అయినా నిలవదు.

మురుగుశుద్ధి కేంద్రాలు, సుందరీకరణ పనులు నగరంలోని మూసీకి అవసరమే. కానీ ఎగువన నేల దెబ్బతింటే, దిగువన ఎన్ని కోట్లు వెచ్చించినా నది కోలుకోదు.