కోటి విద్యల్లో జర్మన్ లేదా?

పటాన్‌చెరులో ఇంటర్ పాసైన ఓ పిల్ల బీఏ జర్మన్ చదువుతానంది. తండ్రిది పాశమైలారంలో షిఫ్టు డ్యూటీ. సరే అన్నాడు. నిద్ర పట్టనిది పక్కింటాయనకే. "గదేం సదువు బిడ్డా? కోటి విద్యలు కూటి కొరకే అన్నరు పెద్దలు. గది కూడు పెడ్తదా?"

కూడు సంగతి తర్వాత, ముందు సామెత చూద్దాం. పెద్దలు కోటి అన్నారు. పక్కింటాయన లెక్క బీటెక్, బీఫార్మసీ దగ్గరే ఆగింది. మిగిలిన 99,99,998 విద్యల్లో జర్మన్‌కి చోటు లేదా? ఆయన పనిచేసే మందుల కంపెనీలో మాత్రలు కొట్టే ఫెట్టే మిషన్ జర్మనీదే. అంతెందుకు, తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు 1746లో వచ్చింది జర్మనీలోని హాలే పట్టణం నుంచి, బెంజమిన్ షుల్జ్ అనే పాద్రి పూనికతో.

పిల్ల కన్ను తార్నాకలోని ఇఫ్లూ మీద ఉంది. 1958లో ఇంగ్లిష్ బోధన కోసం పుట్టిన ఆ సంస్థ 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయింది. అక్కడ బీఏ జర్మన్‌లో అక్షరాల నుంచి మొదలుపెడతారు. ఈ పిల్ల అప్పుడే నోట్‌బుక్ తెరిచింది. జర్మన్‌లో బల్ల పుంలింగం, నీలం పెన్ను. దీపం స్త్రీలింగం, ఎరుపు. పుస్తకం నపుంసకం, ఆకుపచ్చ.

"తార్నాకనా, గంత దూరమా?" అన్నాడు పక్కింటాయన. మియాపూర్ దాకా బస్సు, అమీర్‌పేటలో మెట్రో మారితే తార్నాక. ఆయన పెద్దకొడుకు రోజూ అదే మెట్రోలో అమీర్‌పేట పోయి జర్మన్ కోచింగ్ తీసుకుంటున్నాడు, జర్మనీలో ఎంఎస్ కోసం! అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేదు. వీసాకి మాత్రం బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాది ఖర్చు చూపాలి. 2024 సెప్టెంబర్ నుంచి అది 11,904 యూరోలు. దానికి అప్పు తేవడానికి సిద్ధపడ్డ మనిషికి పక్కింటి పిల్ల మెట్రో కార్డు దండగ!

ఇక్కడే ఒళ్లు మండుతుంది. ఫ్లైటెక్కడానికైతే జర్మన్ చదువు, డిగ్రీలో చదివితే కాలక్షేపమా? "మూడు నెలల్లో బీ2" అనే కోచింగ్ సెంటర్ల మాట నమ్మి డబ్బు కడతారు. జర్మన్ నేర్పే గోథే ఇన్‌స్టిట్యూట్ లెక్కన బీ2 స్థాయి అందుకోవాలంటే 45 నిమిషాల పీరియడ్లు 600 నుంచి 800 కావాలి. అంటే ఆదివారాలు కూడా లేకుండా రోజుకి ఏడు నుంచి తొమ్మిది! ఏ పిల్లాడి బుర్రకెక్కుతుంది? జర్మనీ వెళ్లే నర్సులకి రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మన్ నేర్పిస్తోంది. మరి ఆ పాఠాలు చెప్పేదెవరు? భాషని ఏళ్ల తరబడి కూర్చుని చదివినవాళ్లు కాదా? మనకి పంతుళ్లు కావాలి, మన పిల్లలు మాత్రం ఆ చదువు చదవకూడదు. ఇదెక్కడి న్యాయం?

సంగారెడ్డి, పటాన్‌చెరు డిగ్రీ కాలేజీల్లో పిల్లల్ని చేర్చే తల్లిదండ్రులారా, అక్కడ జర్మన్ లేకపోతే కనీసం సెకండ్ లాంగ్వేజ్‌గా పెట్టమని ప్రిన్సిపాళ్లను గట్టిగా అడగండి. అంతవరకు, తార్నాక వెళ్లే పిల్లల్ని వెళ్లనివ్వండి.