ఆసరా వేరు, నీడ వేరు

చేతికర్ర గురించి ఒక వ్యాసమా అని పాఠక సోదర సోదరీమణులు ఆశ్చర్యపడవచ్చు. దివ్య ఖుర్ఆన్‌లోని తాహా సూరాను స్మరించండి. చేతిలో ఉన్నదేమిటని అల్లాహ్ ప్రశ్నించినప్పుడు హజ్రత్ మూసా (అలైహిస్సలాం) అది తన కర్ర అని చెప్పి ఊరుకోలేదు. దానిపై ఆనుకుంటాననీ, దానితో తన జీవాలకు ఆకులు రాలుస్తాననీ, ఇతర అవసరాలకూ అది పనికివస్తుందనీ విన్నవించుకున్నారు. ఒక ప్రవక్త తన కర్రకు ఆనుకుంటానని చెప్పుకోవడానికి సంకోచించలేదు. నేడు మన పెద్దలలో అనేకులు దానిని చేతబట్టడానికే సిగ్గుపడుతున్నారు.

ఈ సిగ్గును కప్పిపుచ్చడానికి గొడుగు ఉపయోగపడుతున్నది. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు ప్రాంతాల నుండి మనుమలను చూడడానికి మదర్సాకు వచ్చే తాతలను మేము గమనిస్తూ ఉంటాము. ఎండ లేకున్నా, మబ్బు లేకున్నా చేతిలో పొడవాటి గొడుగు ఉంటుంది. బస్సు దిగేటప్పుడు దానినే నేలకు ఆనించి బరువు మోపుతారు. ఎందుకని అడిగితే "వాన వచ్చేటట్టుంది" అంటారు. మోకాలి నొప్పి మాట మాత్రం ఎత్తరు.

మామూలు గొడుగు మనిషి బరువును మోయడానికి తయారైనది కాదు. దాని కాడ సన్నం, మొన నున్నన. ఆసుపత్రి వరండాలోని గ్రానైటు మీదనో, మస్జిదులో వుజూ చేసే చోటనో నేల తడిగా ఉంటే ఆ మొన క్షణంలో జారుతుంది. వృద్ధాప్యంలో తుంటి ఎముక విరిగితే నెలల తరబడి మంచం పట్టవలసి వస్తుంది. కొందరు మళ్ళీ మునుపటివలె నడవలేరు.

ఇప్పుడు కర్రగానూ గొడుగుగానూ పనికివచ్చే వస్తువులు అంగళ్ళలో లభిస్తున్నవి. వేలూరు ఆసుపత్రికి, బెంగళూరులోని కూతురి ఇంటికి, ఉమ్రాకు ప్రయాణమయ్యే పెద్దల కోసం ఏది కొనాలని పలువురు మమ్మల్ని అడుగుతూ ఉంటారు. మా సమాధానం ఒక్కటే: దానిని ముందు కర్రగా పరీక్షించండి, గొడుగుగా తరువాత చూడండి.

వీటిలో ప్రధానంగా రెండు రకాలున్నవి. మొదటి రకంలో గొడుగు కాడనే లావుగా చేసి, కొనకు రబ్బరు బుష్ తొడుగుతారు. మూసి ఉన్నంతసేపు అది కర్ర. వాన మొదలై దానిని తెరిచారో, గొడుగు తలపైకి వెళుతుంది, కాలికి ఆసరా పోతుంది. నేల తడిసి ఊతం మరింత అవసరమైన వేళకే ఊతం మాయమవుతుందన్న మాట. రెండవ రకంలో గొడుగు ఒక ఒరవలె ఉండి, దాని లోపల వేరే కర్ర ఇమిడి ఉంటుంది. రెండింటినీ విడదీసి ఒక చేత కర్ర, మరొక చేత గొడుగు పట్టుకోవచ్చు. దూరాలు నడవగలిగి, అప్పుడప్పుడు మాత్రమే ఆసరా కోరేవారికి మొదటిది చాలు. అడుగడుగునా కర్ర కావలసినవారికి రెండవది తగును. అది దొరకకుంటే మంచి చేతికర్రను, చిన్న మడత గొడుగును విడివిడిగా కొనడం మేలు. రెండు చేతులూ నిండిపోతాయి గనుక సామాను భుజానికి తగిలించుకునే సంచిలో ఉండాలి. వాకరు లేకుండా నడవలేని వారికి ఈ రెండు రకాలూ పనికిరావు.

కొనేటప్పుడు పెద్దవారిని వెంట తీసుకొని వెళ్ళండి. రోజూ వేసుకునే చెప్పులతో నిటారుగా నిలిచి చేయి వ్రేలాడనిస్తే, కర్ర పిడి మణికట్టు ముడత వద్దకు రావాలి. పిడిని పట్టుకున్నప్పుడు మోచేయి కొద్దిగా వంగి ఉండాలి. గొడుగు కర్రలు చాలావరకు ఒకే పొడవులో వస్తాయి, పొడవైతే కోయించడం కుదరదు. కాబట్టి కొలత సరిపోకుంటే ఎంత అందంగా ఉన్నా విడిచిపెట్టండి. కొక్కెం వంటి వంపు పిడి మోచేతికి తగిలించుకోవడానికి అనువు. అరచేతికి అడ్డంగా బల్లపరుపుగా ఉండే పిడి బరువు మోపడానికి అనువు. రబ్బరు బుష్ అడుగున గాళ్ళు ఉండాలి. అవి అరిగితే మార్చాలి. ఆసుపత్రుల దగ్గరి సర్జికల్ షాపుల్లో బుష్‌లు విడిగా దొరుకుతాయి.

కర్రను నొప్పి ఉన్న కాలి వైపు పట్టడం అందరూ చేసే పొరపాటు. కుడి మోకాలు నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి, నొప్పి కాలితో పాటు ముందుకు కదలాలి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు. దిగేటప్పుడు కర్ర, నొప్పి కాలు ముందు. రైల్వే వంతెనలు ఎక్కి దిగవలసినవారు దీనిని ఇంటి మెట్ల మీద నాలుగు రోజులు అభ్యాసం చేయాలి.

మన జిల్లాలకు గొడుగు వేసవిలోనూ కావాలి, ఈశాన్య రుతుపవనాలు వర్షించే అక్టోబరు నుండి డిసెంబరు వరకూ కావాలి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారిన సంగతి మనకు తెలుసు. అయితే ఈదురుగాలిలో తెరిచిన గొడుగు, నిలకడ తప్పిన మనిషిని తనతో లాగుకొని పోతుంది. అట్టి వేళ గొడుగు మూసి, కర్రను ఆనించి, ఏదైనా పైకప్పు క్రింద ఆగడమే వివేకం.

విమాన ప్రయాణమైతే మరి రెండు మాటలు. పాత అంగళ్ళలో దొరికే కత్తి దాచిన గుప్తికర్రను గానీ, కూచి ఇనుప మొన ఉన్నదానిని గానీ తీసుకుపోరాదు. శేషాచలం అడవుల ఎర్రచందనంతో చేసిన కర్ర ఎవరైనా కానుకగా ఇచ్చినా దానితో ప్రయాణం వద్దు. ఆ కలప రవాణాకు అనుమతి పత్రాలు కావాలి, విదేశాలకు తరలించడంపై కఠిన ఆంక్షలున్నవి.

హజ్ యాత్రికులకు గొడుగు అలంకారం కాదు. 2024 హజ్ దినాలలో మక్కాలో ఉష్ణోగ్రత 51 డిగ్రీల సెల్సియస్ దాటింది. 1,301 మంది మరణించారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. ఇహ్రాంలో ఉన్న పురుషుడు తలకు టోపీ, తలపాగా ధరించరాదు గానీ, తలను తాకని గొడుగు నీడకు అభ్యంతరం లేదు. వెలుతురు దూరని దట్టమైన గుడ్డ గల గొడుగును ఎంచుకోండి. జనసమ్మర్దంలో మాత్రం ఊచల కొనలు ఇతరుల కళ్ళకు తగలకుండా మూసి ఉంచడం మన బాధ్యత. మస్జిదులోనికి వెళ్ళేటప్పుడు తడి గొడుగును, వీధిలో తిరిగిన కర్ర కొనను తుడవకుండా చాపల మీదికి తీసుకుపోరాదు.

హిజ్రీ 10వ సంవత్సరపు హజ్జతుల్ విదాను కళ్ళారా చూసిన ఉమ్ముల్ హుసైన్ (రజి) చెప్పిన ఒక విషయం సహీహ్ ముస్లింలో నమోదైంది. హజ్రత్ బిలాల్, హజ్రత్ ఉసామా (రజి)లలో ఒకరు దైవప్రవక్త (స) ఒంటె ముక్కుత్రాడు పట్టుకొని నడిచారు. మరొకరు ఎండ తగలకుండా ఆయనకు పైన వస్త్రాన్ని ఎత్తి పట్టారు. ఆసరాకు ఒకరు, నీడకు ఒకరు. ఆ రెండు పనులనూ ఒకే చేతిలోని ఒకే వస్తువుకు అప్పగించి పెద్దలను ఒంటరిగా పంపే మనం ఈ సంఘటనను కాస్త ఆలోచించాలి. వెంట వెళ్ళగలిగిన కుమారుడు కర్రను తండ్రి చేతికిచ్చి గొడుగును తాను పట్టుకోవాలి.

ఇక ఆ కర్రను ఎలా అందించాలి? "అబ్బా, మీకు వయసైపోయింది, ఇది పట్టుకోండి" అంటే అది మూలన పడి ఉంటుంది. "అబ్బా, దారి బాగులేదు, ఇది మీ చేతిలో ఉంటే మాకు నిశ్చింతగా ఉంటుంది" అనండి. మాకు తెలిసినంతలో ఈ రెండవ మాటను కాదన్న తండ్రి లేడు.