సంవత్సరమునకు రెండు ఫోన్లు



హైదరాబాదు వంటి పట్టణములకు వెళ్లివచ్చిన మీలో కొందరు ఈ పిల్లలను చూచియుందురు. తెల్లచొక్కా, మెడకు టై, జేబుమీద నల్లని పేరుబిళ్ల. ఎప్పుడును ఇద్దరు కలిసియే నడచుదురు. లోకము వీరిని మోర్మోనులనును. ఆ పేరు వద్దు, కడవరి దిన పరిశుద్ధుల యేసుక్రీస్తు సంఘమని పూర్తిగా చెప్పుడని 2018 నుండి వారి పెద్దలు గట్టిగా కోరుచున్నారు. వారి కేంద్రము అమెరికాలో యూటా రాష్ట్రమందలి సాల్ట్ లేక్ సిటీ. వారి బోధను మన సంఘములు అంగీకరింపవు, ఆ సంగతి మీకు తెలిసినదే. ఇది కుటుంబముల పుట గనుక మేము ఆ పిల్లల దినచర్యను గూర్చియు, ఇంటివద్ద ఎదురుచూచు తల్లులను గూర్చియు వ్రాయుచున్నాము.

మగపిల్లలును ఆడపిల్లలును 18 ఏండ్లకు బయలుదేరవచ్చును; ఆడపిల్లలకు 2025 వరకు 19 ఏండ్లు నిండవలసియుండెను. 2012 వరకు ఈ వయస్సులు మగపిల్లలకు 19, ఆడపిల్లలకు 21గా ఉండెను. అబ్బాయిలకు రెండేండ్లు, అమ్మాయిలకు పదునెనిమిది నెలలు. ఏ దేశమునకు పోవలెనో తాము కోరుకొనుటకు లేదు. జీతమును లేదు. పైగా అమెరికా కుటుంబములు నెలనెలా కట్టవలసిన సొమ్ము 2020 జూలైలో 400 డాలర్ల నుండి 500కు పెరిగినది. చాలామంది పిల్లలు చిన్ననాటి నుండియే దీనికొరకు డబ్బు కూడబెట్టుకొందురు.

ఉదయము ఆరున్నరకు లేచుట, వ్యాయామము, వాక్య పఠనము, పరభాష నేర్చుట, తరువాత వీధులలో తిరుగుట, రాత్రి పదిన్నరకు దీపము ఆర్పుట. చాలాకాలము ఇదే నియమము. 2017 నుండి ఆయా ప్రాంతముల అలవాటును బట్టి వేళలు కొంత మార్చుకొననిచ్చుచున్నారు. సినిమాలు లేవు, ప్రేమ వ్యవహారములు లేవు. తట్టిన తలుపులలో ఎక్కువ భాగము మూయబడును.

అయితే వీటన్నిటికంటె కష్టమైనది తోడు అని మాకు తోచుచున్నది. ముక్కు మొగము తెలియని ఇద్దరిని ఒక గదిలో ఉంచుదురు. ఒకరిని విడిచి ఒకరు గడప దాటరాదు. ఒకడు గురక పెట్టును, మరియొకడు గిన్నెలు కడుగడు. కొత్తకోడలైనను అలిగి నాలుగు రోజులు పుట్టింటికి పోగలదు, వీరికి ఆ దారియు లేదు. కొంత అలవాటు పడుసరికి బదిలీ వచ్చును. ఆరు వారములకొకసారి ఎవరిని ఎక్కడికి మార్చుదురో తెలియదు. మన ఇండ్లలో తిన్న కంచము తీయని కొడుకుల వయస్సే వారిది. వారమునకు ఒక దినము బట్టలు ఉదుకుకొనుటకు, సరుకులు తెచ్చుకొనుటకు, ఇంటికి వ్రాయుటకు విడిచిపెట్టుదురు. దానిని సిద్ధపాటు దినమందురు.

వ్రాయుట సరే, మాటలాడుట మాత్రము 2019 ఫిబ్రవరి వరకు సంవత్సరమునకు రెండుసార్లే. క్రిస్మసుకు ఒకసారి, మాతృదినమున ఒకసారి. ఆ ఫోనులో తండ్రి, తమ్ముళ్లు, చెల్లెండ్లు వంతులు తీసికొనిన పిమ్మట తల్లికి ఎన్ని నిమిషములు మిగులునో ఆలోచించుడి. మనస్సు ఇంటిమీదికి పోక పనిమీద నిలుచుటకే ఆ నియమము. అందులో న్యాయము లేకపోలేదు. హాస్టలులో పిల్లను దిగబెట్టి మాటిమాటికి వెనుదిరిగి చూచి దానిని ఏడ్పించిన తల్లులను మేమును చూచితిమి. అయినను 2019లో వారానికొకసారి మాటలాడవచ్చునని మార్చుట మంచిదైనదని మా అభిప్రాయము. ఉత్తరములో "నేను క్షేమము" అని ఎవరైనను వ్రాయగలరు. గొంతును దాచుట కష్టము.

దాచవలసిన సంగతులు లేకపోలేదు మరి. జబ్బుచేసియో, దిగులు పట్టియో, మనస్సు చెదరియో కొందరు గడువు నిండకమునుపే తిరిగివత్తురు. రెండేండ్లు నింపివచ్చినవానికి సాల్ట్ లేక్ సిటీ విమానాశ్రయములో బంధువులు బెలూనులతో, పేరు వ్రాసిన బ్యానర్లతో ఎదురువత్తురు. ముందుగా వచ్చినవానిని గుడిలో పెద్దలు పలుకరించినను, "ఏమి తప్పు చేసెనో" అను చూపు వెంటాడును. అక్కడి పిల్లలు పలువురు ఈ మాట చెప్పుకొనియున్నారు.

ఇది యూటావారి లోపమని మేము వ్రాయజాలము. కొన్నేండ్ల క్రిందట మా సంఘపు పిల్ల ఒకతె నర్సు శిక్షణ మధ్యలో విడిచి ఊరికి వచ్చినది. ఆదివారము గుడిమెట్లమీద అందరు వినుచుండగా, "ఏమమ్మా, అప్పుడే వచ్చేశావేమి?" అని అడిగినవారము మేమే. ఆ పిల్ల ఏమియు చెప్పలేదు. తల్లి దాని చెయ్యి పట్టుకొని మెట్లు దిగిపోయినది. మరి మూడు ఆదివారములు వారిద్దరు ఆరాధనకు రాలేదు. తరువాత మేము వారి ఇంటికి వెళ్లితిమి గాని, అడిగిన మాటను వెనుకకు తీసికొనలేకపోతిమి.

చాలా చోట్ల ఆ సిద్ధపాటు దినము సోమవారమే. మనీలాలో సోమవారము మధ్యాహ్నము ఒంటిగంట అగునప్పటికి యూటాలో ఇంకను ఆదివారము రాత్రియే. పిల్లవాడు బట్టలు ఆరవేసి ఫోను చేయును. తల్లి నిద్ర ఆపుకొని కూర్చుండును. ఏ భాషలోనైనను ఆమె మొదట అడుగునది, "ఏమి తింటివిరా?" అనియే కదా.