గొట్టము దూరిన చోటు

ఈ మాసము పునాదిని గొట్టములు దాటు తావును గూర్చి వ్రాయుచున్నాము. చిన్న సంగతియే యని సోదరీమణులు పుట త్రిప్పవలదు.

2025లో ఇందిరమ్మ ఇండ్ల పథకమున గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలలోను పలువురు తామే మేస్త్రిని కుదుర్చుకొని యిండ్లు మొదలిడిరి. మంజూరైన 5 లక్షలలో మొదటి లక్ష బేస్‌మెంటు పూర్తియైన పిమ్మటనే చేతికందును. అందుచే బేస్‌మెంటు వడివడిగా లేపి, నల్లా గొట్టమునకును మురుగు గొట్టమునకును పిదప సుత్తితో దారి పగులగొట్టించుట తఱచు చూచుచున్నాము.

అట్టి రంధ్రమును సిమెంటుతో బిగించిన, ఎఱ్ఱ చలకలో కొంతకాలము నిలుచునేమో గాని నల్లరేగడిలో నిలువదు. ఆ నేల వానలకు ఉబ్బును, ఎండలకు నెఱ్ఱెలు విచ్చును. గోడ కదలినపుడెల్ల బిగిసిన గొట్టము లాగబడి తుదకు విఱుగును. కారిన నీరు పునాది క్రిందికే దిగి నేలను మఱింత యుబ్బించును. ఆపై గోడలు బీటలు వాఱును.

కనుక గోడ కట్టునపుడే పెద్ద గొట్టపు ముక్కను తొడుగుగా నుంచి, అసలు గొట్టము చుట్టు అంగుళము సందు విడిపింపవలెను. ఆ సందులో నేమి నింపవలెను? గోనెపీచు, కాగితము చెదలకు విందు. థర్మోకోలు వానికి ఆహారము గాదు గాని, దొలిచి దారి చేసికొనును. నీరు పీల్చని పాలిథీన్ నురుగు తొడుగు మేలు. దానిని సైతము చెదలు తొలువగలవు గావున, రెండు కొనలను సాగెడు సీలెంటుతో మూయింపుడు.

శీతదేశములలో పునాదులకు మందపు నురుగు పలకలు తొడుగుదురు. అచట నేల గడ్డకట్టును. మన యింటికి వేడి పైకప్పునుండి దిగును. వైశాఖమున చల్లగా నుండు గచ్చు క్రింద పలకలు పఱపించుట డబ్బు పాఱవేయుటయే.

భారతమున లక్కయింట పాండవులను గాచినది సొరంగము. మన యింటి సొరంగము చెదలకే మేలు. భారతీయ ప్రమాణము 6313 ననుసరించి, ఇంటి లోపలి నేలలో గొట్టము దిగుచోట చుట్టును 150 మిల్లీమీటర్ల మేర, 75 మిల్లీమీటర్ల లోతున మట్టిని గుల్లచేసి చెదలమందు పోయవలెను. అది విషము. తెలిసినవారిచేతనే పోయింపుడు, బిడ్డలను, పశువులను, త్రాగునీటిని దూరముంచుడు.

మట్టి పూడ్చకముందే గొట్టము నిండ నీరుపోసి, కొన మూయించి, ఒక రాత్రి యుంచి అతుకులు తడిమి చూడుడు. మేస్త్రి గొణుగుకొనవచ్చును. ఆ లక్ష రెండునాళ్లు వెనుకగా వచ్చినను రానిండు.