విమానానికి ముందటి రాత్రి

హైదరాబాద్ నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లే విమానాలలో అనేకం అర్ధరాత్రి దాటాక, తెల్లవారేలోగా బయలుదేరుతాయి. టికెట్టు మీద 4 గంటల 20 నిమిషాలని ఉంటే, మూడు గంటల ముందు విమానాశ్రయానికి చేరుకోవాలి. అంటే రాత్రి ఒంటిగంట దాటేసరికి అక్కడ ఉండాలి. కౌంటరు విమానానికి గంట ముందే మూసేస్తారు గనుక ఆలస్యానికి క్షమాపణ లేదు. జగిత్యాల జిల్లాలోని పల్లె నుంచి శంషాబాద్‌కు 200 కిలోమీటర్లకు పైనే. రాయచోటి నుంచైతే అంతకు రెట్టింపు దాటుతుంది. దారిలో టైరు పంక్చరైతే ఏమవుతుందోనన్న భయంతో అందరూ ముందురోజు మధ్యాహ్నానికో సాయంత్రానికో నగరానికి వచ్చేస్తారు. ఆ సాయంత్రానికీ విమానానికీ మధ్య ఒక రాత్రి మిగులుతుంది. ఆ రాత్రి వారు ఎక్కడ ఉంటారన్న ప్రశ్న ఇంతవరకు ఏ ప్రభుత్వ కాగితంలోనూ మాకు కనబడలేదు.

ఈ సంపాదకీయం రాయడానికి ముందు మేము ఒక రాత్రి ఇమ్లీబన్ బస్టాండులో కొంతసేపు, విమానాశ్రయం బయట మరికొంతసేపు గడిపాము. బస్టాండులో వారిని గుర్తుపట్టడం కష్టం కాదు. కొత్త సూట్‌కేసుకు ప్లాస్టిక్ తాడు చుట్టి, దాని మీద సెల్‌ఫోన్ నంబరు స్కెచ్ పెన్నుతో రాసుకుని ఉంటారు. ఒకరు నిద్రపోతే మరొకరు కాపలా ఉంటారు. ఒంటరిగా వచ్చినవాడు నిద్రపోడు. మాతో మాట్లాడిన ఒక యువకుడు రెండు గంటలలో నాలుగు టీలు తాగాడు. ఆకలికి కాదు, హోటలువాడు బల్ల మీద నుంచి లేపకుండా ఉండేందుకు.

విమానాశ్రయం బేగంపేటలో ఉన్న రోజులలో ఇంత ఇబ్బంది లేదని పెద్దలు చెబుతారు. అది ఊరి నడిబొడ్డున ఉండేది. మెహదీపట్నంలోనో యాకుత్‌పురాలోనో ఉన్న బంధువుల ఇంట నాలుగు ముద్దలు తిని, ఒక కునుకు తీసి, ఆటోలో వెళ్లిపోయేవారు. 2008 మార్చిలో రాకపోకలు శంషాబాద్‌కు మారాయి. రాత్రి పదకొండు దాటాక నగరం నుంచి అక్కడికి వెళ్లడమే ఒక ప్రయాణమైంది. మెట్రో రైలు అంతదూరం పోదు. పుష్పక్ బస్సు ఉంది గాని దాని టికెట్టు మామూలు సిటీ బస్సు టికెట్టుకు ఎన్నో రెట్లు. క్యాబ్ సంగతి చెప్పనక్కరలేదు. ఆ దారిలోనే ఒక కూడలి పేరు ఆరాంఘర్. విశ్రాంతి గృహమని దాని అర్థం. అప్పు చేసి వీసా కొన్న మనిషి ఒక రాత్రి నడుము వాల్చుకోగలిగిన చోటు మాత్రం అక్కడ లేదు.

వీరందరిలో ఎక్కువ బాధ స్త్రీలది. కడప, అన్నమయ్య జిల్లాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్‌కు, ఇతర గల్ఫ్ దేశాలకు వెళ్లే స్త్రీల విషయంలో చట్టం కఠినంగానే ఉంది. 1983 నాటి వలస చట్టం కింద, పదో తరగతి దాటనివారి పాస్‌పోర్టుకు 18 దేశాలలో ఉద్యోగానికి ముందుగా అనుమతి కావాలి. ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండి ఉండాలి, ప్రభుత్వం గుర్తించిన సంస్థల ద్వారానే వెళ్లాలి. ఉద్దేశం రక్షణే కావచ్చు. కానీ ఆ తలుపు ఇరుకైనకొద్దీ ఏజెంట్లు పక్క తలుపు చూపిస్తున్నారు. అదే విజిట్ వీసా. ఆ దారిన వెళ్లే స్త్రీ పేరు వలస కార్మికుల పట్టికలో ఎక్కడా ఉండదు.

ఆమెకు విమానానికి ముందటి రాత్రి ఎలా గడుస్తుందో పాఠకులు ఒక్కసారి ఊహించాలని కోరుతున్నాము. చాలా సందర్భాలలో ఆమె చేతిలో టికెట్టు ఉండదు. ఏజెంటు మనిషి వచ్చి చివరి గంటలో ఇస్తాడు. ముందే ఇస్తే మనసు మార్చుకుంటుందని, కాగితాలు చదువుకున్నవారికెవరికైనా చూపిస్తుందని అతనికి అనుమానం. టికెట్టు, గుర్తింపు కార్డు చూపనిదే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం జవాన్లు టెర్మినల్ లోపలికి పంపరు. అది వారి విధి, వారిని మేము తప్పు పట్టడం లేదు. కాబట్టి లోపల చల్లని గాలి, కుర్చీలు, శుభ్రమైన మరుగుదొడ్లు ఉన్నా, అద్దం ఇవతల ఆమె సంచి మీద కూర్చుని ఉంటుంది. సాగనంపడానికి వచ్చిన తమ్ముడో, మేనమామో తెల్లారి కూలికి అందుకోవాలని పది గంటల బస్సుకే వెనుదిరిగి ఉంటాడు. ఫోను మోగితే లేచి నిలబడుతుంది. అవతల ఎవరు మాట్లాడుతున్నారో కూడా ఆమెకు సరిగా తెలియదు.

మేము మాట్లాడిన ఒక సోదరి మాటలు మనసును వదలడం లేదు. కువైట్‌లో ఎవరి ఇంట పని అని అడిగితే తెలియదన్నది. జీతం ఎంతని అడిగితే ఏజెంటు చెప్పిన అంకె చెప్పింది. ఇప్పుడు భయంగా ఉందా అని అడిగితే, అక్కడికి పోయాక సంగతి తర్వాత, ముందు ఈ రాత్రి గడవనీయన్నా అన్నది. ఆమె చేతిలో ఒక సహాయ కేంద్రం ఫోను నంబరు పెట్టేందుకు, ఒప్పంద పత్రం ఉందా అని అడిగేందుకు ప్రభుత్వానికి మిగిలిన చివరి అవకాశం ఆ నాలుగైదు గంటలే. అవి ఎవరూ పలకరించకుండానే గడిచిపోయాయి.

డబ్బు కాస్త చేతిలో ఉన్నవారు లాడ్జిలో దిగవచ్చు గదా అని అడిగేవారుంటారు. నాలుగు గంటల నిద్రకు ఒక రోజు అద్దె అడుగుతారు. అదీ ఇస్తామన్నా అందరికీ గది దొరకదు. ఆధార్ కార్డు మీద పేరు చూశాక గదులు నిండిపోయాయని చెప్పిన అనుభవాలు మా పాఠకులు కొందరు మాతో పంచుకున్నారు. అన్ని లాడ్జీలూ అలాంటివే అని మేము అనము. పేరు అడగకుండా, వేడినీళ్లు పెట్టి, రాత్రి ఒంటిగంటకు తలుపు తట్టి లేపి పంపిన యజమానులూ ఉన్నారు, వారిలో హిందువులూ ఉన్నారు. అయితే నిరాకరించేవారికి తాము చేస్తున్నది మర్యాదలేని పని మాత్రమే కాదని తెలియాలి. మతం, కులం, జాతి, లింగం, పుట్టిన చోటు కారణంగా హోటళ్లలో, దుకాణాలలో ప్రవేశాన్ని ఏ పౌరునికీ అడ్డరాదని రాజ్యాంగం 15వ అధికరణంలోని రెండవ భాగం స్పష్టంగా చెబుతోంది. ప్రాథమిక హక్కులలో ఎక్కువ భాగం ప్రభుత్వాన్ని ఉద్దేశించినవి. ఇది తోటి పౌరుణ్ణి, వ్యాపారిని కూడా కట్టడి చేసే హక్కు. లాడ్జి లైసెన్సు ఇచ్చే అధికారులు ఈ వాక్యాన్ని ఆ లైసెన్సులో షరతుగా చేర్చడానికి కొత్త చట్టమేమీ అవసరం లేదు.

లాడ్జి దొరకనివాడు వీధిలో ఉంటాడు. వీధిలో రాత్రివేళ మేలుకుని ఉండడం అందరికీ ఒకేలా ఉండదు. ఉత్తర తెలంగాణ నుంచి గల్ఫ్ వెళ్లేవారిలో బీసీలు, దళితులు ఎంతోమంది. ఈ కష్టం ఒక్క ముస్లింలదని మేము ఎన్నడూ అనము. కాని ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో గడ్డం, టోపీ ఉన్నవాని సంచినే ముందుగా విప్పిస్తారన్నది అక్కడ కూర్చున్నవారందరూ ఎరిగిన విషయం. 2015లో పాతబస్తీలో ‘ఆపరేషన్ చబుత్రా’ పేరిట పోలీసులు అర్ధరాత్రి అరుగుల మీద కూర్చున్న యువకులను పట్టుకుపోయి, తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ చేశారు. కొందరు తల్లులు తండ్రులు దానిని మెచ్చుకున్న మాటా నిజమే. అయినా నేరమేదీ చేయనివాడిని, బయట ఉన్నాడన్న కారణంతో ఠాణాకు తీసుకుపోయే అలవాటు ఎక్కడికి దారి తీస్తుందో ప్రయాణికుని సంగతిలో తేటతెల్లమవుతుంది. ఇంటి అరుగు మీద నుంచి తీసుకుపోయినవాడు తెల్లవారి ఇంటికి తిరిగి వస్తాడు. విమానం ఎక్కవలసినవాడు తెల్లవారేసరికి టికెట్టు పోగొట్టుకుంటాడు. వీసా గడువు దాటితే ఉద్యోగం కూడా పోతుంది, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

విదేశాలకు వెళ్లే హక్కు వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967లో సత్వంత్ సింగ్ కేసులో, మళ్లీ 1978లో మేనకా గాంధీ కేసులో చెప్పింది. తనిఖీ చేయవద్దని పోలీసులను మేము అడగడం లేదు. పాస్‌పోర్టు, టికెట్టు చూపినవాడిని అక్కడికక్కడే వదిలేయాలని, అదుపులోకి తీసుకుంటే కారణం చెప్పాలని అడుగుతున్నాము. రెండవది 22వ అధికరణం ఇదివరకే ఇచ్చినదే.

ప్రభుత్వానికి ఈ పని చేతకాదని ఎవరైనా అంటే మేము నాంపల్లి హజ్ హౌస్‌ను చూపిస్తాము. ఏటా హజ్ రోజులలో అక్కడ క్యాంపు నడుస్తుంది. యాత్రికులు ముందుగా వచ్చి దిగుతారు. బస, భోజనం, వైద్యుడు, కాగితాల పని, విమానాశ్రయానికి బస్సు, అన్నీ వేళకు జరుగుతాయి. ముసలివారిని చేయి పట్టుకుని బస్సెక్కించే స్వచ్ఛంద సేవకులను చూసి మేము ఎన్నోసార్లు సంతోషించాము. అది కొద్ది వారాల ఏర్పాటు. మిగిలిన నెలల్లో అదే నగరం నుంచి, అదే దిక్కుకు, అదే వేళకు వెళ్లే కూలివానికి అందులో పదోవంతైనా ఎందుకు చేయలేరు?

గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది. మంచి నిర్ణయం. దానికోసం ఏళ్ల తరబడి కొట్లాడినవారిలో మా పాఠకులూ ఉన్నారు. పెట్టెలో తిరిగి వచ్చినవానికి పరిహారం నిర్ణయించిన ప్రభుత్వం, ప్రాణంతో బయలుదేరేవానికి ఒక చాప, ఒక దీపం, ఒక కుళాయి ఇవ్వడం గురించి ఆలోచించకపోవడమే మాకు అర్థం కాదు. లక్ష జనాభాకు ఒక రాత్రి ఆశ్రయం ఉండాలని సుప్రీంకోర్టు ఆదేశాలున్నాయి. ఆసుపత్రుల వద్ద రోగుల వెంట వచ్చినవారికి నగరంలో అలాంటి ఆశ్రయాలు కట్టిన అనుభవమూ ఉంది. అదే పద్ధతిలో ఇమ్లీబన్‌లో ఒకటి, శంషాబాద్‌లో ఒకటి, స్త్రీలకు వేరు గదితో, సామాను దాచుకునే లాకర్లతో కట్టాలి. గల్ఫ్ భాషలు, చట్టాలు తెలిసిన ఒక ఉద్యోగిని రాత్రి పూట అక్కడ కూర్చోబెట్టాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా ఖర్చులో పాలు పంచుకోవాలి, ఎందుకంటే ఆ స్త్రీలలో ఎక్కువమంది వారి జిల్లాలవారే.

ఇక మన సంగతి. జకాత్ ఇవ్వవలసిన ఎనిమిది తరగతులలో బాటసారి కూడా ఒకరని ఖురాన్ చెబుతోంది. ముసాఫిర్ కోసం సరాయిలు కట్టించిన పూర్వుల గురించి గొప్పగా చెప్పుకునే మనం, ఇషా నమాజు కాగానే మసీదుకు తాళం వేస్తున్నాము. దొంగల భయమని కమిటీలు అంటాయి. ఆ భయం అబద్ధం కాదు. కాని కాపలాదారుకు నెల జీతం ఇవ్వలేనంత పేదరికం మన కమిటీలన్నింటికీ ఉందా? విమానాశ్రయ పరిసరాలలో మామిడిపల్లి వక్ఫ్ భూముల వివాదం గురించి ఉపన్యాసాలు విన్నాము, మేమూ రాశాము. ఆ వ్యాజ్యాలు తేలేవరకు ఆగనక్కరలేని పనులు కొన్ని ఉన్నాయి. ఆరాంఘర్ నుంచి శంషాబాద్ వరకు ఉన్న మసీదులలో రెండు మూడింటి వరండాలు రాత్రి తెరిచి ఉంచినా, మతం అడగకుండా ఎవరినైనా కూర్చోనిచ్చినా, ఆడవారికి ఒక గది, మరుగుదొడ్డి తాళంచెవి అందుబాటులో ఉంచినా చాలామందికి ఆ రాత్రి గడుస్తుంది. అలా చేయడానికి ముందుకు వచ్చే కమిటీలు మాకు ఉత్తరం రాస్తే, వాటి పేర్లు, దారి గుర్తులు వచ్చే సంచిక నుంచి ప్రతి నెలా అచ్చువేస్తాము. జగిత్యాల, నిజామాబాద్, రాయచోటి పాఠకులు ఆ పేజీని చింపి ప్రయాణమయ్యేవారి చేతికి ఇవ్వవచ్చు.